పసివాడి నుంచి ఊరికి కాపలా

గౌడవెల్లిలో మా వాడకట్టున పుట్టినవాళ్ళ ముక్కులు చాలావరకు ఎంకమ్మ పెద్దమ్మ చేతిలో తయారైనవి. ఆమె మాకు రక్తసంబంధం కాదు. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడకు చెరో వైపు ఉండేవి, అంతే. ఎవరింట్లో పురుడు జరిగినా పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి ఆమెనే పిలిచేవారు. చీర మోకాళ్ళ పైకి దోపుకొని, చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు రెండూ చాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి ఆముదం పట్టించేది. తర్వాత వెల్లకిలా తిప్పి శనగపిండితో నలుగు పెట్టేది. ఆఖరున రెండు వేళ్ళతో ముక్కును పైకి నొక్కి, అరచేత్తో తలను గుండ్రంగా రుద్దేది. "ముక్కు దేవుడిస్తడు. నిలవెట్టేది నేను" అనేది. పోయిన నెల మా అమ్మ చనిపోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళు వరసగా కూర్చుంటే, నేను తల దించుకొని ఉండాల్సింది పోయి వాళ్ళ ముక్కులు చూస్తూ ఉండిపోయాను. నలభై దాటినవాళ్ళు, ముప్పై దాటినవాళ్ళు, అందరివీ ఒకే అచ్చు. ఎంకమ్మ పెద్దమ్మ అమ్మకంటే కొన్నేళ్ళ ముందే పోయింది. ఆ ముక్కుల సంగతి మాట్లాడుకోవడానికి ఇక నాకు మిగిలిన మనిషి అమ్మే. ఆమె కూడా లేదు కాబట్టి రాస్తున్నాను.

నేను డిగ్రీ చదివే రోజులవి. మేడ్చల్ దాకా వెళ్ళి సికింద్రాబాద్ బస్సు పట్టుకునేదాన్ని. నాయిన అప్పటికే లేడు. అన్న యాదగిరి మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వదిన సుజాతకు తల్లి లేదు కాబట్టి తొలి కాన్పు మా ఇంట్లోనే అనుకున్నాం. ఆమెకు రెండో నెలలో ఒంటి మీద సన్నటి ఎర్ర పొక్కులు వచ్చాయి. కొంచెం జ్వరం, చెవుల వెనక చిన్న బిళ్ళలు. అమ్మ తలుపుకు వేపాకు కట్టింది. ఆ వేపాకు ఎండకముందే పొక్కులు పోయాయి, వదిన లేచి గిన్నెలు తోముతోంది. "ఇది తట్టు గాదు, తట్టు చెల్లె" అని ఎంకమ్మ పెద్దమ్మ తేల్చింది. ఆ చెల్లెలి పేరు రుబెల్లా అని మాకు పిల్లవాడు పుట్టాక తెలిసింది.

పిల్లవాడు బక్కగా పుట్టాడు. ఎడమ కంటి నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క పడినట్టు తెల్లగా ఉంది. పట్నంలో పిల్లల ఆసుపత్రికి అమ్మా, అన్నా, నేనూ తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ గుండె విన్నది, కళ్ళలో లైటు వేసి చూసింది, రక్తం పరీక్షకు పంపింది. ఆ ఫలితం వచ్చిన రోజు ఆమె కుర్చీ మా వైపు జరుపుకొని, తొందర లేకుండా చెప్పింది. "పుట్టిన బిడ్డ ఒంట్లో తల్లి ఇచ్చిన రక్షణ కొంత ఉంటుంది. ఆరు నెలలు, కాస్త అటూ ఇటూగా, అది కరిగిపోతుంది. కానీ వీడి రక్తంలో ఇంకో రకం కూడా కనిపించింది. అది తల్లి నుంచి బిడ్డకు దాటదు. బిడ్డ తనంతట తనే తయారు చేసుకోవాలి. అంటే జబ్బు కడుపులో ఉండగానే వీడిని చేరింది. వీడు అక్కడే దానితో పోరాడాడు."

అమ్మ ఆ మాటను తన లెక్కకు తెచ్చుకుంది. "అంటే అది తల్లి కట్టిచ్చిన సద్ది గాదు. వీడే వండుకున్నడు."

"అంతేనమ్మా."

"కడుపుల ఉండంగనే?"

"అవును."

అమ్మ అన్న వైపు తిరిగింది. "నీకు ఇప్పటికీ చాయ్ పెట్టుకునుడు రాదు."

నేను, అయితే వీడు గెలిచినట్టేనా మేడమ్ అని అడిగాను. గెలవలేదని ఆమె చెప్పింది. ఏది తనది, ఏది పరాయిది అని ఒంటికి ఇంకా పూర్తిగా తెలియని వయసులో ఆ జబ్బు లోపలికి వచ్చి కూర్చుంది. బిడ్డ పోరాడుతూనే ఉంటాడు, అది లోపలే ఉంటుంది. నోటి నీళ్ళలో, ఉచ్చలో నెలల తరబడి బయటికి వస్తూ ఉంటుంది. ఏడాది దాకా రావచ్చు. కన్నుకు ఆపరేషన్ చేయవచ్చు, గుండె చప్పుడు సంగతి చూస్తూ ఉండాలి, చెవుల సంగతి పెరిగేకొద్దీ తెలుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఇదంతా ఒక్క మాటలోకి తెచ్చింది. "వంట నేర్చిండు గని, ఇంట్ల కూసున్న సుట్టాన్ని లేపుడు నేర్వలే." తర్వాతి రోజుల్లో నేను ఈ విషయం మీద దొరికినన్ని పుస్తకాలు చదివాను. అంత పొట్టిగా ఎవరూ రాయలేదు.

అయితే డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట వేరే ఉంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను, అందులోనూ తొలి నెలల్లో ఉన్నవాళ్ళను, ఏడాది పాటు ఈ బిడ్డ దగ్గరికి రానీయవద్దు. చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చిపోయినవాళ్ళకు ఏమీ కాదు. కానీ ఎవరికి వచ్చిపోయిందో రక్తం చూస్తే తప్ప తెలియదు. మామూలుగా పసిబిడ్డను ఊరి నుంచి కాపాడుకుంటారు. మాకు ఊరిని పసిబిడ్డ నుంచి కాపాడే పని పడింది.

అమ్మ మొదట వేపాకునే నమ్ముకుంది. తలుపుకు కొత్త మండ కట్టింది. ఇంట్లో అమ్మవారు ఉంది, రావద్దు అని దాని అర్థం. కొన్ని రోజులు బాగానే నడిచింది. తర్వాత ఆడవాళ్ళు చెంబులతో అమ్మవారికి సాక నీళ్ళు తెచ్చి గడప ముందు పోయడం మొదలుపెట్టారు. "ఇన్ని దినాలు ఏ అమ్మవారు ఉంటదే సత్తెమ్మా?" అని ఒకామె అడిగితే అమ్మ, "మా ఇల్లు నచ్చింది, ఉన్నది" అన్నది. ఆ మాట ఊరంతా పాకింది. అమ్మవారు కదలకుండా కూర్చున్న ఇల్లు మహిమ గలదని, పిల్లలు కావాలని మొక్కుకునేవాళ్ళూ, అప్పుడే కడుపు నిలిచినవాళ్ళూ ఏరికోరి మా ఇంటికే రాసాగారు. అమ్మ ఆ సాయంత్రమే వేపాకు పీకేసింది.

ఇక సూటిగా అడగడమే దారి అనుకుంది. గడపలో కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషినీ, "లోపల పోరనికి ఒక తీరు జబ్బున్నది. కడుపుతోని ఉంటే రావద్దు, పుట్టే బిడ్డకు కండ్లు చెవులు పోతయి" అని హెచ్చరించేది. ఇందులో ఉన్న చిక్కు మాకు వారం దాకా తెలియలేదు. మా దగ్గర తొలి నెలల కడుపు ఎవరూ బయటపెట్టరు. కొన్ని ఇళ్ళలో అత్తకు కూడా మూడో నెల దాటాకే చెబుతారు. అలాంటిది, మా గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిన ఆడమనిషి తన సంగతి ఊరికి చాటినట్టే. అత్తలు ఇది తొందరగానే కనిపెట్టారు. పసుపు అయిపోయిందని, చింతపండు కావాలని కోడళ్ళ చేతికి గిన్నెలిచ్చి మా ఇంటికే పంపేవారు, ఎవరు లోపలికి పోతారో ఎవరు పోరో ఎదురింటి అరుగు మీద నుంచి చూసేవారు. ఒక రోజు యాభై ఏళ్ళు దాటిన బాలమ్మ మా గడప ముందు ఆగి, కాలిలో ముల్లు తీసుకొని, ముల్లు తీసినా నొప్పి తగ్గక కుంటుకుంటూ ఇంటికి పోయింది. పొద్దుగూకేసరికి ఆమె పెద్దకొడుకు వచ్చి మా అన్నతో కొట్లాట పెట్టుకున్నాడు. "మా అమ్మ మీద ఏం ముచ్చట పుట్టిచ్చిన్రురా మీరు? ఆమెకు మనుమరాలున్నది!" అన్నకు ఏ ముచ్చటో అర్థం కావడానికే చాలాసేపు పట్టింది.

ఈ పరీక్షలో నవ్వులాట కంటే ప్రమాదం ఎక్కువ. దాచాలనుకున్న పిల్ల దాచడానికే లోపలికి వస్తుంది. అది తట్టగానే అమ్మ పద్ధతి మార్చేసింది. ఎవరూ లోపలికి రావద్దు, అంతే. పిల్లవాడిని చూడాలంటే కిటికీ దగ్గర నిలబడాలి, లోపల నుంచి నేను ఎత్తి చూపిస్తాను. ఆడవాళ్ళు ఎండలో కొంగు తల మీద కప్పుకొని కిటికీ ముందు నిలబడేవారు. ఒక్క ఎంకమ్మ పెద్దమ్మకు మాత్రం లోపలికి దారి ఉండేది. ఆమెకు కడుపు వచ్చే వయసు దాటింది, పైగా ఆమె లేకపోతే నీళ్ళు పోసేవాళ్ళు లేరు. తెల్లవారి పెరట్లో కాగు కింద కట్టెలు అంటుకోగానే గోడ అవతల నుంచి దగ్గు వినిపించేది, తర్వాత మనిషి వచ్చేది. ఆముదం, పిండి, పొగ, ఆ పైన సాంబ్రాణి. ఇప్పటికీ సాంబ్రాణి వాసన వస్తే నాకు దేవుడు కాదు, పసివాళ్ళ ఏడుపు గుర్తొస్తుంది. మావాడు ఆమె కాళ్ళ మీద పడుకొని రోజూ తప్పకుండా ఆమె చీర తడిపేవాడు. "పొయ్ బిడ్డా, మీ తాత ఒక్కడే నా మీద పొయ్యలె గని, మీ నాయిన పోసిండు, మీ అత్త పోసింది" అని ఆమె నా వైపు చూసి నవ్వేది.

ఆమెకు కోడలు రేణుక ఉంది. రేణుకకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచి తొలి నెలల్లోనే పోయింది. రెండుసార్లూ ఎంకమ్మ పెద్దమ్మ తెలిసిన రోజే సంతోషం ఆపుకోలేక వాడకట్టంతా చెప్పింది. ఆమెకు కడుపులో మాట దాగదు. ఎవరి మీదా చెడు లేదు, నోటికి తలుపు లేదు, అంతే. ఒక మధ్యాహ్నం, అత్త ఇంట్లో లేని సమయం చూసుకొని, రేణుక గోడ మీదుగా మా అమ్మను పిలిచింది. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను.

"అత్తా, నాకు మల్ల నిలిచింది. రెండో నెల. మీ ఎంకమ్మక్కకు చెప్పకు, నీకు దండం పెడ్త. నాలుగో నెల పడ్డంక చెప్త. ఈసారి ఊరంత తెలిసి పోతే నేను బతుకలేను."

"నేనెందుకు చెప్త బిడ్డా."

"మల్ల... ఆమె మీ పోరనికి నీళ్ళు పోసి వస్తది గద. ఆ తడిసిన చీర నేనే ఉతుకుతున్న. ఏమన్న అయితదా అత్తా?"

అమ్మ ఏమీ కాదని చెప్పి ఆమెను పంపింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, ఏరిన బియ్యంలో మళ్ళీ రాళ్ళు వెతకడం మొదలుపెట్టింది. లోపలికి ఎవరు వస్తున్నారనే చూశాం కానీ, ఇంటి నుంచి బయటికి ఏం పోతోందో చూడలేదు. రేణుకను పట్నం తీసుకుపోయి రక్తం చూపించాలంటే అత్తకు చెప్పాలి. అత్తకు చెబితే ఊరికి చెప్పినట్టే. రేణుక చీర ఉతకనంటే అత్తే ఎందుకని అడుగుతుంది. ముందు ఆ నీళ్ళు పోయడం ఆపించాలి.

మరుసటి రోజు అమ్మ మంచిగానే అడిగింది. "అక్కా, ఇగ నేనే పోసుకుంట. నీ నడుము నొస్తది గద."

"నా నడుము నీకేమన్న చెప్పిందా?"

"పోనీ చీర ఈడనే మార్చుకొని పో. తడిసింది."

"పసిపోరడు పోస్తే చీర మారుస్తరా ఎవరన్న? నువ్వు పట్నం దవాఖానకు పోయొచ్చిన కాడికెల్లి మస్తు పరేషాన్ చేస్తున్నవ్."

అసలు సంగతి చెబితే ఎంకమ్మ పెద్దమ్మ, తన ఇంట్లో కడుపుతో ఎవరున్నారని అమ్మ ముఖంలోకి చూస్తుంది. ఆమె ముఖాలు చదవగలదు. సగం ముఖాలు ఆమె చేసినవే కదా. అందుకని ఆ మర్నాడు పొద్దున కాగు పొగలు కక్కుతుండగా అమ్మ వెళ్ళి దానికి అడ్డంగా నిలబడింది.

"నీళ్ళు నేను పోస్త. నువ్వు పో."

"ఏందే?"

"నీ చెయ్యి మంచిది గాదు."

ఎంకమ్మ పెద్దమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "నా చెయ్యా? గీ వాడకట్టుల ఒక్కని ముక్కు చూపెట్టు, వంకరున్నదేమో!"

"ముక్కు గాదు, తల. మా యాదగిరిగాని తల చూడు. బండ మీద పెట్టిన సొరకాయ లెక్క ఒక దిక్కు అణిగి లేదా? ఇన్నేండ్ల సంది నోరు మూసుకున్న. తలపాగ తియ్యకుండ పిల్లనిచ్చేటోళ్ళకు చూపెట్టిన!"

అన్న అప్పుడు పెరట్లోనే గడ్డం గీసుకుంటున్నాడు. కత్తి పక్కన పెట్టి, అద్దంలో తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. వదిన తలుపు దగ్గర నిలబడి, "నిజంగనే తలపాగ తియ్యలె" అని మెల్లగా అన్నది.

"వాన్ని ఒకే దిక్కు పండవెట్టింది నువ్వు! నువ్వు సోమరిదానివై పండవెట్టి, నా చెయ్యి అంటవా?" ఎంకమ్మ పెద్దమ్మ దోపుకున్న చీర కిందికి దులుపుకుంది. "మీ ఇంట్ల ముగ్గురికి నీళ్ళు పోసిన. నీ గడప మల్ల తొక్కితే నన్ను ఎంకమ్మ అనకు." పీట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. అన్న కూడా సరిగా తినలేదు, కానీ ఆయన కారణం వేరు.

అప్పటి నుంచి అమ్మే నీళ్ళు పోసింది. ఆమెకు ఆ పని రాదు. పిల్లవాడు జారేవాడు, సబ్బు కళ్ళలో పడేది, వాడు కేకలు పెట్టేవాడు. గోడ అవతల నుంచి ఎంకమ్మ పెద్దమ్మ ఎవరితోనో అన్నట్టు, "కొందరు బర్లను కడిగినట్టు కడుగుతరు" అనేది. ఆమె అలా అంటే అమ్మ ముఖం కాస్త తేటపడేది. రెండు నెలలకు రేణుక తన సంగతి ఇంట్లో బయటపెట్టింది. ఎంకమ్మ పెద్దమ్మ ఇంటింటికీ బెల్లం పంచి, మా ఇల్లు మాత్రం దాటేసి పోయింది. అమ్మ ఇక నిజం చెప్పేద్దామనుకుంది. రేణుక వద్దని ఏడ్చింది. తనకంటే ముందు పక్కింటామెకు తెలుసంటే ఆ అత్త జన్మలో మరిచిపోదు. అమ్మ ఊరుకుంది. కానీ అసలు భయం కొట్లాట గురించి కాదు. నీళ్ళు పోయడం ఆపకముందు కొన్ని వారాలు గడిచిపోయాయి. ఆ తడి చీరలు రేణుక ఉతికింది. ఆమెకు చిన్నప్పుడు ఆ జబ్బు వచ్చిపోయిందో లేదో ఎవరికీ తెలియదు. బిడ్డ పుట్టేదాకా చేయగలిగింది ఏమీ లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలకు తట్టుకూ దాని చెల్లెలికీ కలిపి ఒకే సూది వేస్తున్నారు. పొలాలు ప్లాట్లయిన దారిలో, టీకాలు తయారుచేసే కంపెనీల కార్లు జనాన్ని ఎక్కించుకొని శామీర్‌పేట మీదుగా తుర్కపల్లికి పోతుంటాయి. ఆడపిల్లలు నెల తప్పగానే ఫోన్లలో అందరికీ చెప్పుకుంటున్నారు. ఇది మంచిదే. గడపలో కూర్చుని కాపలా కాసే పని ఎవరికీ లేదు. పక్కింట్లో ఎవరికి ఎన్నో నెలో కూడా ఎవరికీ తెలియదు. మా పిల్లవాడు శ్రీకాంత్ ఇప్పుడు మేడ్చల్‌లో మోటార్లు బాగుచేస్తాడు. కంటికి మందపాటి అద్దాలు, రెండు చెవులకూ మిషన్లు. అన్న నీతులు మొదలుపెడితే మిషన్లు ఆపేసి, తల ఊపుతూ కూర్చుంటాడు. వాడికి ఏడాది నిండాక చేసిన రక్తపరీక్షలో తల్లి సద్ది ఎప్పుడో అయిపోయిందనీ, వాడి సొంత వంట మాత్రం ఉందనీ తేలింది. ఇవన్నీ తర్వాతి మాటలు.

రేణుక ఆడపిల్లను కన్నది. మనుమరాలికి వేరే చేయి తగలనీయనని ఎంకమ్మ పెద్దమ్మ పట్టుబట్టి, తల్లిగారింటికి పంపకుండా తన ఇంటికే తెచ్చుకుంది. ఒక రోజు రేణుక గోడ మీదుగా బిడ్డను ఎత్తి చూపింది. కళ్ళు రెండూ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అమ్మ ఊపిరి పీల్చుకుంది, కానీ సగమే. చెవుల సంగతి కంటికి కనిపించదు. మావాడి విషయంలో అప్పటికే మా అందరికీ అనుమానం ఉంది. అన్న వాడి వెనక నిలబడి ఈల వేయడం నేను చూశాను, వదిన గాజులు ఆడించడం చూశాను.

ఆ మధ్యాహ్నం గోడ అవతల జోలపాట ఆగింది. అమ్మ పెద్ద స్టీలు పళ్ళెం తీసుకొని, పెరట్లోకి వచ్చి, తల మీదికి ఎత్తి, షాబాద్ బండల మీద వదిలేసింది. ఆ చప్పుడుకు నా చేతిలో పుస్తకం పడిపోయింది. అవతల బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ అక్కడే కూర్చుండిపోయింది.

"ఎవరిదే గా లొల్లి! ఇప్పుడే కన్ను మూసింది పోరి!" ఎంకమ్మ పెద్దమ్మ తిట్టుకుంటూ వీధి తిరిగి వచ్చి, ఒట్టు సంగతి మరిచిపోయి, గడప దాటి పెరట్లోకి వచ్చేసింది. "నీ చేతులు ఇరిగినయానే సత్తెమ్మా?"

"ఏడ్చిందా?" అన్నది అమ్మ.

"ఏడ్వకుంటే నవ్వుతదా?"

"ఊకెనే ఏడ్చిందా, ఉలికిపడ్డదా?"

"ఉలికిపడ్డది. చేతులు రెండు లేపింది. ఎందుకు అడుగుతున్నవ్ గట్ల?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎంకమ్మ పెద్దమ్మ పళ్ళెం చూసింది. చాప మీద ఉన్న మా పిల్లవాడిని చూసింది. ఆమె బొటనవేలు నెలలు లెక్కపెడుతూ వేళ్ళ కణుపుల మీద మెల్లగా వెనక్కి నడిచింది. ఒక దగ్గర ఆగింది.

"గప్పటికే కడుపుతోని ఉండెనా?" అన్నది చిన్న గొంతుతో. తర్వాత, "నా చీర..." అని ఆపేసింది. నీకు ఎవరు చెప్పారని అడగలేదు. అమ్మ వైపు తిరిగి, "యాదగిరి తల నేనే ఖరాబు జేసిన అన్నవు" అన్నది.

"అది నిజమే గదక్కా."

ఎంకమ్మ పెద్దమ్మ పళ్ళెం తీసి అమ్మ చేతిలో పెట్టింది. "ఆగు. నేను పోయి పోరిది ఒక చెవు మూస్త. కొట్టు అన్నప్పుడు కొట్టు. మల్ల ఇంకో చెవు చూద్దాం."

ఆమె పరుగులాంటి నడకతో పోయింది. గోడ అవతల నుంచి, "ఇగ కొట్టు!" అని వినిపించింది. అమ్మ పళ్ళెం వదిలింది. ఏడుపు. "ఇన్నది! ఇప్పుడు గీ చెవు. కొట్టు!" మళ్ళీ పళ్ళెం, మళ్ళీ ఏడుపు, అవతల ఎంకమ్మ పెద్దమ్మ నవ్వు, ఎదురింటివాళ్ళ తిట్లు. మా పిల్లవాడు పళ్ళేనికి మూరెడు దూరంలో చాప మీద నిద్రపోతూనే ఉన్నాడు. అమ్మ పళ్ళేన్ని చప్పుడు కాకుండా గోడకు ఆనించి, వాడి పక్కన కూర్చుని, చెవి మీద పడిన జుట్టును వెనక్కి సర్దింది.